ఎర్ర పీలిక, పచ్చ పీలిక

9 జనవరి 2012

కోదాడలో సిమెంటు డీలరు ఏటా ఒక డైరీ ఇస్తాడు, ఏటా అటక మీద పడేస్తాను. ఈసారి రాద్దామనిపించింది. ఎవరితోనూ చెప్పుకోలేని సంగతి ఒకటి జరిగింది.

ఈ ఊరి బోరు మోటారు పదకొండేళ్లుగా నేనే నడుపుతున్నాను. వైండింగ్ కాలితే విప్పింది నేను, పైపు పగిలితే మోకాటిలోతు బురదలో దిగింది నేను. బోరు నీళ్లు ఉప్పన. అందులో ఫ్లోరైడ్ కూడా ఉందంటారు. ఆ నీళ్లను కరెంటుతో మంచినీళ్లు చేసే ప్లాంటు పెడతామని హైదరాబాద్ నుంచి ఒక సంస్థ వచ్చింది. ఆపరేటర్ కావాలన్నారు. నేను కాక ఇంకెవడుంటాడని ఊరంతా అనుకుంది. నేనూ అనుకున్నాను, దాచుకోవడం ఎందుకు.

ఈ రోజు బడిలో పరీక్ష పెట్టారు. మగవాళ్లం అయిదుగురం. సంస్థ ఇంజనీరు జగదీశ్ సారు రెండు గ్లాసుల నీళ్లు, ఒక మీటరు పెట్టి, ఏ గ్లాసులో ఉప్పెంతో రాయమన్నాడు. మొదటి గ్లాసులో ముంచాను, రాశాను. రెండో దాంట్లో ముంచాను, రాశాను. ఇందులో చదువేముంది? మా ఆవిడ స్వరూప నాకు అన్నం తెచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. నిలబడ్డదైతే నిలబడ్డది, "సార్, నేను గూడ రాయొచ్చునా" అని అడిగింది. సారు రమ్మన్నాడు. ఆమె మొదటి గ్లాసు అయ్యాక రెండో గ్లాసులోంచి కొంచెం వంపి, ఆ నీళ్లతో మీటరు కొన కడిగి, అప్పుడు ముంచింది. అంతే. మొదటి గ్లాసు ఉప్పు కొనకు అంటుకుని ఉంటుందట, కడగకపోతే రెండో లెక్క తప్పొస్తుందట.

"ఆపరేటర్ దొరికింది" అన్నాడు సారు.

నాకేం కోపం లేదు. ఉద్యోగం మా ఇంట్లోకే కదా వచ్చింది.

10 జనవరి

కోపం లేదని నిన్న రాశాను. నిజంగానే లేదు.

24 జనవరి

స్వరూప సూర్యాపేటలో పది రోజుల ట్రైనింగు ముగించుకుని వచ్చింది. పది రోజులూ అమ్మ వంట. అమ్మ వంట బాగానే ఉంటుంది, అది కాదు సంగతి.

వచ్చీ రాగానే నోటుపుస్తకం తెరిచి నాకు ప్లాంటు గురించి చెప్పబోయింది. పలుచటి పొరలు వందల కొద్దీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయట. వాటి మధ్యలోంచి నీళ్లు పారుతుంటే రెండు కొసల్లో కరెంటు పెడతారట. ఉప్పు అటు కొంత ఇటు కొంత లాగేసి, ఒక సందులో మంచినీళ్లు, పక్క సందులో ఉప్పునీళ్లు వస్తాయట. మంచివి ట్యాంకుకు, ఉప్పువి బయట గుంటకు. కరెంటు గురించి నాకు చెబుతోంది చూడండి. మా పెళ్లినాడు ఈ ఇంట్లో ట్యూబులైటు బిగించింది ఎవరో మరి.

నిద్రొస్తోందని పడుకున్నాను. నిద్ర రాలేదు.

6 ఫిబ్రవరి

ప్లాంటు మొదలైంది. నీళ్ల కమిటీ పెద్ద రాజారత్నం కొబ్బరికాయ కొట్టాడు. జగదీశ్ సారు మైకులో "స్వరూప గారు" అన్నాడు. పెళ్లయి పన్నెండేళ్లు, ఈ ఊళ్లో ఆమెను గారు అన్నవాడు లేడు. తర్వాత నన్ను చూసి "ఉపేందర్, ఆ కుర్చీ ఇటు జరుపు" అన్నాడు. జరిపాను.

మా నాయిన బక్కయ్య ఒక్కడే నా పక్షం. ఆ నీళ్లు ముట్టనని అందరి ముందే చెప్పేశాడు. గొర్రెల కర్ర గడ్డానికి ఆనించుకుని, కరెంటు దాటొచ్చిన నీళ్లు తాగితే నాలుక జుమ్మంటదని అన్నాడు. నాయిన మాట అంటే ఊళ్లో విలువుంది. సగం మంది బిందెలు వెనక్కి పట్టుకుపోయారు. స్వరూప రెండు గ్లాసులు పట్టి అందరి ముందు గటగటా తాగింది. సాయంత్రానికి బిందెలన్నీ తిరిగొచ్చాయి, నాయిన ఒక్కడు తప్ప.

గొర్రెలకు మాత్రం ప్లాంటు బాగా నచ్చింది. గుంట అంచున ఎండిన తెల్లటి ఉప్పు నాకడానికి పోటీ పడుతున్నాయి.

21 ఫిబ్రవరి

చిలుకూరు నుంచి ఒకాయన బోరు మోటారు గురించి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. మా ఇల్లెక్కడని అడిగితే మావాళ్లు ఎవరో చెప్పారట: "ప్లాంటు స్వరూప మొగని ఇల్లా? గదే." ఆయన నవ్వుతూ నాకే చెప్పాడు.

మోటారు చూడను, తీరిక లేదన్నాను.

22 ఫిబ్రవరి

ప్లాంటు స్వరూప మొగడు.

4 మార్చి

జగదీశ్ సారు రోజూ ఆరింటికి ఫోన్ చేస్తాడు. ట్యాంకు నీళ్లలో ఉప్పెంతో, ఆ రీడింగు చెప్పడానికి రెండు మాటలు చాలు. ఇవాళ పదకొండు నిమిషాలు పట్టింది. నేను గొడ్లకు కుడితి పెడుతూ విన్నాను, వినాలని వినలేదు. "అవును సార్, నాలుగు వందల యాభై... లేదు సార్, నాకే అట్ల తోచింది." తోచింది ఏమిటో అర్థం కాలేదు. ఆ తర్వాత నవ్వింది. అంకెల్లో నవ్వడానికేముంటుంది?

అడిగాను, ఏం తోచిందని. ప్లాంటుకొచ్చి చూడమంది. నేను పోను. నాకేం పని గాడ.

11 మార్చి

వెళ్లాను. ఊరికే, అటుగా పోతూ.

తోచిందేమిటో చూశాను. మాది సున్నపురాయి నేల, మేళ్లచెరువు దగ్గరే కదా. నీళ్లలోని సున్నం పొరల మీద గట్టిపడిపోతుంది. అది రాలిపోవాలంటే గంటకోసారి స్విచ్ పై నుంచి కిందికి, కింది నుంచి పైకి మార్చాలి. అప్పుడు ప్లస్సు మైనస్సవుతుంది, మైనస్సు ప్లస్సవుతుంది. నాలుగు వాల్వులున్నాయి. వాటికి స్వరూప గుర్తుగా గుడ్డపీలికలు కట్టింది, రెంటికి ఎర్రవి, రెంటికి పచ్చవి. దీనికే పదకొండు నిమిషాలు.

ఆ ఎర్ర పీలిక నేను గుర్తుపట్టాను. పెళ్లయిన మొదటేడు కోదాడలో మూడు దుకాణాలు తిరిగి నేను కొన్న రవిక గుడ్డ. సన్నటి నల్లచుక్కలుంటాయి. దాన్ని చింపి సంస్థవాళ్ల పైపుకు కట్టింది.

చాయ్ తాగి వచ్చాను.

12 మార్చి

మూడు దుకాణాలు తిరిగాను. నాకు బాగా గుర్తు.

18 మార్చి

ఆదివారం. స్వరూప వాళ్లక్కకు మిర్యాలగూడ దవాఖానలో ఆపరేషన్. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా ప్లాంటు నడిపి, పది గంటల బస్సెక్కింది. పోతూ పోతూ ట్యాంకుల నీళ్లు రేపటిదాంక సరిపోతయి, ప్లాంటు జోలికి పోవద్దని చెప్పింది. పోవద్దు అని. నాకు.

రేపు జగదీశ్ సారు హైదరాబాద్ నుంచి పెద్దవాళ్లను తీసుకొస్తున్నాడు. వాళ్లు ఆ పీలికలు చూస్తే ఏమనుకుంటారు? ఊరిని చూసి నవ్వుతారు. ఊళ్లో అందరూ మిరప తోటలకు పోయాక, ఇంట్లో ఉన్న రెండో తాళంచెవితో తాళం తీసి లోపలికి వెళ్లి నాలుగు పీలికలూ విప్పి జేబులో పెట్టుకున్నాను. శుభ్రంగా ఉండాలని. ఇంకేమీ కాదు.

ఎలాగూ వెళ్లాను కదా, ప్లాంటు నడిపాను. పన్నెండు నుంచి మూడు దాకా. చిన్న మోటారు చప్పుడు, అంతే. పక్కింటివాళ్లకు కూడా వినపడదు. ముందు స్విచ్ కిందికి మార్చాను. వాల్వులు కదిలించాల్సిన పని నాకు కనపడలేదు. త్రీఫేజు మోటారుకు రెండు వైర్లు అటూఇటూ మారిస్తే చాలు, మోటారు తిరుగుడే మారిపోతుంది. పైపులు ఎవడు విప్పుతాడు? ఇదీ అంతే. కరెంటు మారితే నీళ్ల దారి అదే మారుతుంది. దీనికి పది రోజుల ట్రైనింగట! ట్యాంకు నిండింది. నేను నిలబడి చూశాను. చాలా రోజుల తర్వాత మనసు తేలికైంది. మూడింటికి ఆపేసి తాళం వేసి వచ్చాను. రిజిస్టరులో రాయలేదు, అది ఆమె రిజిస్టరు.

అన్నం దగ్గర నాయిన ఒక వింత చెప్పాడు. మధ్యాహ్నం గొర్రెలు తోలుకొస్తుంటే గుంటలోకి పైపు పారుతోందట, దాహానికి దోసిలి పట్టాడట. "ఎంత తియ్యగున్నయ్ రా, ఉప్పునీళ్లు అంటరేంది మీరు" అన్నాడు. నవ్వుకున్నాను. ముసలాయన నాలుక పోయింది.

పప్పు ఉడకలేదు. అమ్మ సాయంత్రం ట్యాంకు దగ్గర పట్టుకొచ్చిన నీళ్లతోనే వండింది. పాత కందులై ఉంటాయి.

19 మార్చి

రాయాలి. జరిగింది జరిగినట్టు రాస్తాను.

స్వరూప ఏడు గంటల బస్సు దిగి, సంచి కూడా ఇంట్లో పెట్టకుండా నేరుగా ప్లాంటుకు వెళ్లింది. అప్పటికే అక్కడ బిందెలతో ఆడవాళ్లు గొడవ చేస్తున్నారు, నీళ్లు నోట్లో పెట్టుకోనివ్వడం లేదని. అదే వేళకు జగదీశ్ సారు జీపు, పెద్దవాళ్లు ఇద్దరు. ట్యాంకులో మీటరు పెడితే మూడు వేల నాలుగు వందలు. మా బోరు నీళ్లే రెండు వేల ఆరొందలు. అంటే బోరు కన్నా ఉప్పగా ఉన్నాయి, ప్లాంటు పెట్టి మరీ.

సారు లోపలికి వెళ్లి ఒక్క చూపులో కనిపెట్టాడు. స్విచ్ కిందికుంది, వాల్వులు మాత్రం స్విచ్ పైకున్నప్పటి తీరులోనే ఉన్నాయి. కరెంటు మారిస్తే మంచినీళ్ల సందు, ఉప్పునీళ్ల సందు తారుమారవుతాయి. వాల్వులు మనమే తిప్పాలి. తిప్పకపోతే ఉప్పు ట్యాంకుకు, మంచినీళ్లు గుంటకు. నాయిన నాలుక పోలేదు.

స్వరూప చెప్పింది: "నేను పోయేటప్పుడు స్విచ్ మీదికే ఉండె సార్." సారు గట్టిగానే అడిగాడు, అందరి ముందే, మరి ఎవరు దించారని. ఈసారి గారు లేదు. ఆమె ఖాళీ వాల్వులకేసి చూసింది. తర్వాత నాకేసి చూసింది. నిజం రాస్తున్నాను, ఆ క్షణాన నా కడుపు చల్లగా ఉండింది. రెండు నెలల నుంచి అంత చల్లగా లేదు.

అప్పుడొక మాట అన్నాను. "బస్సు తొందర్ల ఉండె సార్. మరిచిపోయుంటది."

ఆమె చూపు తిప్పుకుంది. రాజారత్నం, ఆడవాళ్లకు ఇట్లాంటివి పెడితే గిట్లనే అయితదని పెద్దవాళ్లకు సర్దిచెప్పాడు. నెలాఖరులో తేలుస్తాం, అప్పటిదాకా ఉపేందర్ నడుపుతాడని నిర్ణయమైంది. తాళంచెవి సారు ఆమె చేతిలోంచి తీసుకుని నా చేతిలో పెట్టాడు. వాల్వులు ఒకసారి తిప్పి చూపించి, రీడింగులు నెలాఖరున వచ్చి చూస్తానన్నాడు, జీపు వెళ్లిపోయింది.

ఉద్యోగం మా ఇంట్లోనే ఉంది.

20 మార్చి

స్వరూప మిరప తోటకు కూలికి వెళ్లింది. ఎందుకని అడిగితే, ఇంట్లో కూసొని ఏం జెయ్యాలె అంది.

21 మార్చి

ఇంటికొచ్చేసరికి దండెం మీద బట్టలారుతున్నాయి. నా చొక్కా, లుంగీ, అమ్మ చీర. వాటి పక్కన వరుసగా నాలుగు పీలికలు. రెండు ఎర్రవి, రెండు పచ్చవి. ముడతల్లేకుండా దులిపి ఆరేసి ఉన్నాయి.

చొక్కా జేబు సంగతే మరిచిపోయాను.

గాలికి ఎక్కడివో వచ్చి పడ్డాయేమో.

22 మార్చి

నాలుగూ మడతపెట్టి నా చొక్కాల మీద పెట్టి ఉన్నాయి. స్వరూప చారు పోస్తూ ఇంకా కావాల్నా అని మాత్రం అడిగింది. ఏదన్నా అంటే బాగుండు. తిడితే నేనూ నాలుగు అనేవాణ్ణి. ఆరింటికి ఆమె ఫోన్ మోగలేదు. మోగకపోతే నాకు హాయిగా ఉండాలి కదా.

24 మార్చి

సారు చూపించినప్పుడు తెలిసినట్టే ఉంది. ఇప్పుడు నాలుగు వాల్వులూ ఒకేలా కనపడుతున్నాయి. గంట కాగానే కరెంటు ఆపాలి, వాల్వులు తిప్పాలి, కరెంటు పెట్టాలి, రెండు నిమిషాల నీళ్లు పారబోయాలి. ఒకటి సరిగ్గా తిప్పితే ఇంకొకటి మరుస్తున్నాను. నిన్న పదకొండొందలు, ఇవాళ పధ్నాలుగొందలు. బిందెలు తగ్గిపోయాయి. కొందరు కోదాడ నుంచి డబ్బా నీళ్లు తెప్పించుకుంటున్నారు, లేనివాళ్లు మళ్లీ బోరు పంపు దగ్గరికి పోతున్నారు. స్వరూప ఉన్నప్పుడు గిట్ల లేకుండె అని ఒకామె నా ముందే అంది.

అమ్మ పప్పు ఇవాళ కూడా ఉడకలేదు. పాత కందులే అని ఈసారి రాయను.

25 మార్చి

పీలికలు పట్టుకుపోయి నేనే కట్టాను. ఏది దేనికి కట్టాలో తెలియలేదు, తోచినట్టు కట్టాను. మీటరు పెడితే మూడు వేలు దాటింది. ట్యాంకంతా వదిలేశాను.

నెలాఖరుకు ఇంకా ఆరు రోజులు. సారు వచ్చి ఇది చూస్తే ప్లాంటే ఎత్తుకుపోతాడు.

26 మార్చి

స్వరూప తోట నుంచి వచ్చి రెండు చేతులూ మజ్జిగ గిన్నెలో పెట్టి కూర్చుంది. మిరప మంట. గోళ్ల చుట్టూ ఎర్రగా ఉబ్బింది. నేను అటు చూడలేదు. చూశాను.

27 మార్చి

అడిగాను. పెరట్లో బట్టలుతుకుతుంటే వెళ్లి నిలబడి అడిగాను. పదకొండేళ్లు మోటారు నడిపినవాణ్ణి.

"ఎర్రది ఏ వాల్వుకు?"

ఉతుకుడు ఆపకుండానే చెప్పింది. "రెండోదానికి, నాలుగోదానికి. పచ్చవి ఒకటికి, మూడుకు. స్విచ్ మీదికుంటే ఎర్రవి తెరువాలె. కిందికుంటే పచ్చవి తెరువాలె." అంతే. పిల్లలకు చెప్పినట్టు చెప్పింది, ఎత్తిపొడుపు లేదు. అదే నాకు ఎక్కువ మండింది.

సారుకు ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆ రోజే తెలుసా నీకు అని.

"పీలికలు లేకుంటెనే తెలిసింది" అంది. "నువ్వే చెప్తవేమోనని సూసిన. నువ్వు బస్సు తొందర అంటివి."

ఏదో ఒకటి అనాలి కదా, నేను కొన్న రవిక చింపి వాళ్ల పైపుకు కట్టావు కదా అన్నాను. ఆమె చేతులు ఆపి నన్ను ఎగాదిగా చూసింది, గిదా నీ బాధ అన్నట్టు.

"గది నాకు బిగుతై ఎన్నేండ్లాయె. పారేయబుద్ధి గాక దాసిన. దినాం చెయ్యి తగుల్తదని గాడ కట్టిన."

మళ్లీ ఉతకడం మొదలుపెట్టింది. నేను బకెట్ లో నీళ్లు తోడి ఇచ్చాను. ఇస్తే తీసుకుంది.

నేనెంత వెధవనో ఇక్కడ రాసిపెడుతున్నాను. ఈ డైరీ ఎవరూ చదవరు కాబట్టి రాయడం తేలికగానే ఉంది. అందుకే ఇక్కడ రాస్తే సరిపోదు.

28 మార్చి

ప్లాంటు రిజిస్టరులో పద్దెనిమిదో తారీఖు పేజీలో పొద్దుటి రీడింగు కింద అంతా ఖాళీగా ఉంది. అందులో రాశాను:

"ఈ రోజు ఆపరేటర్ లేనప్పుడు నేను ప్లాంటు నడిపాను. స్విచ్ మార్చి వాల్వులు మార్చలేదు. వాల్వుల గుర్తులు నేనే తీసేశాను. స్వరూప తప్పు లేదు. మరునాడు నేను అబద్ధం చెప్పాను."

కింద సంతకం. నా దస్తూరి బాగుంటుంది, పేజీ చూడ్డానికి ముచ్చటగానే ఉంది. రాజారత్నానికి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, ఊళ్లో తలెట్ల ఎత్తుకుంటవుర అని మెల్లగా అన్నాడు. తలెత్తకపోయినా నడుస్తదన్నాను.

తర్వాత రిజిస్టరు ఇంటికి తెచ్చి స్వరూప ముందు పెట్టాను. తడి చేతులు కొంగుకు తుడుచుకుని నిదానంగా చదివింది. మెచ్చుకుంటుందేమోనని, దాచడమెందుకు, చూశాను. పెన్ను నా చేతికిచ్చింది.

"టైం రాయలే" అంది.

పన్నెండు నుంచి మూడు అని రాశాను.

31 మార్చి

జగదీశ్ సారు వచ్చాడు. రిజిస్టరు చదివాడు. ఆయన చేయి చాపకముందే తాళంచెవి ఆమె చేతికి నేనే ఇచ్చాను. సాయంత్రానికి నాలుగు వందల అరవై. పొద్దు గూకే వేళకు నాయిన లోటా తెచ్చుకుని ట్యాంకు దగ్గర నిలబడ్డాడు. గుంట పైపు కాడ తాగినయి గీ నీళ్లేనా అని కోడల్ని అడిగి, రెండు లోటాలు తాగాడు. నాలుక జుమ్మనలేదట.

అమ్మ పప్పు మెత్తగా ఉడికింది.

2 ఏప్రిల్

ఆరింటికి ఫోన్. "స్వరూప గారు" అనే మాట గోడ అవతల్నుంచి కూడా వినపడింది. రీడింగు చెప్పింది. ఆ తర్వాత నా సంగతేదో అడిగినట్టున్నాడు, "మావోడే వాల్వులు దిప్పుతుండు సార్, నేర్చుకుంటుండు" అంది. నవ్వింది. ఇంకోసారి నవ్వింది.

ఆరు గంటల మూడు నిమిషాల నుంచి ఆరు పన్నెండు దాకా. టైం రాశాను.